కంపెనీదా అసెంబుల్దా: ఆళ్లగడ్డలో నేను మింగేసిన మాట

నంద్యాల శ్రీనివాస సెంటర్ పక్క సందులో ఇరవై ఏళ్లు కంప్యూటర్లు బిగించాను. షాపు మూసి చాలాకాలమైంది. హార్డ్‌వేర్ పని నేర్చుకుంటున్నవాళ్లు అప్పుడప్పుడు ఇంటికొచ్చి, పాతరోజుల్లో ఈ వ్యాపారం ఎట్లా నడిచేదని అడుగుతుంటారు. వాళ్లకు కావలసింది విడిభాగాల కథలు. అవి చెప్పడానికి చాలామంది ఉన్నారు. ఎవరూ చెప్పనిది ఒకటుంది, ఈ పనిలో పక్కవాణ్ని చూసి కడుపు ఎట్లా మండుతుందో. అది నాకు బాగా తెలుసు కాబట్టి నేనే రాస్తున్నాను.

గడప దగ్గర ప్రశ్న

తొంభైల చివర్లో గిరాకీ షాపు గడప తొక్కగానే అడిగే ప్రశ్న ఒకటే. "కంపెనీదా, అసెంబుల్దా?"

కంపెనీది అంటే పేరున్నవాళ్లు డబ్బాలో మూసి, సీలు వేసి, పైన స్టిక్కరు అంటించి పంపేది. అసెంబుల్డ్ అంటే మదర్‌బోర్డు, హార్డ్ డిస్కు, కరెంటు పెట్టె అన్నీ విడివిడిగా తెచ్చి నాలాంటివాడు బిగించి ఇచ్చేది. నేను సికింద్రాబాదు వెళ్లి సామాను ఏరుకుని, బస్సులో మానిటరును ఒళ్లో పెట్టుకుని వచ్చేవాణ్ని. గుంతలొచ్చినప్పుడల్లా దాన్ని చంటిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకునేవాణ్ని. అంత కష్టపడి తెచ్చి బిగిస్తే, గిరాకీ వచ్చి డబ్బాను చుట్టూ తిప్పి చూసి, "పేరేం లేదే దీని మీద?" అనేవాడు.

ఏది కొనాలని ఇప్పుడు నన్నడిగితే నిజమే చెబుతాను. కంపెనీది కొంటే కాగితం వస్తుంది, అసెంబుల్డ్ కొంటే మనిషి వస్తాడు. మీ ఊళ్లో స్క్రూడ్రైవరు పట్టుకోగలిగినవాడు లేకపోతే కంపెనీదే కొనండి. నమ్మకస్తుడు ఉంటే అసెంబుల్డ్ కొనండి, అదే డబ్బుకు ఇంకా మంచి బోర్డు వస్తుంది, పాడైతే సాయంత్రానికల్లా బాగవుతుంది. అయితే నమ్మకస్తుడని ఎట్లా తెలుసుకోవాలని మాత్రం నన్నడక్కండి. ఎందుకు అడగకూడదో చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

ఖాదర్ సాబ్ చెయ్యి

నాకు పని నేర్పింది ఖాదర్ సాబ్. ఆయనది రేడియోలు, టీవీలు బాగుచేసే షాపు. కంప్యూటరు అనే వస్తువును ఆయన బతికుండగా ముట్టుకోలేదు. అయినా నా కంప్యూటరు పనికి గురువు ఆయనే.

ఏ ఇంటికి పోయినా ఆయన ముందు సెట్టు విప్పేవాడు కాదు. ఆ ఇంట్లో ఇనుముతో ఉన్న వస్తువు ఏదన్నా కరెంటులో ఉంటే, దాన్ని చేతి వెనక భాగంతో తాకేవాడు. అరచేత్తో తాకకూడదు. కరెంటు ఉంటే అరచెయ్యి ముడుచుకుని దాన్నే పట్టుకుంటుంది, వెనకవైపు తాకితే చెయ్యి దానంతటదే వెనక్కి వస్తుంది. వేళ్ల వెనక చీమలు పాకినట్టు ఉంటే ఆ ఇంట్లో ఎర్తింగ్, అంటే దారితప్పిన కరెంటును భూమిలోకి దింపే తీగ, లేదని అర్థం.

"అరే మద్దిలేటీ, ముందు భూమిని అడుగు. ఆమె సరే అంటేనే మెషిన్ని అడుగు," అనేవాడు.

నోరు చాలా చెడ్డది. స్క్రూ పోగొడితే రెండు రోజులు తిట్టేవాడు. కానీ ఎవరింట్లోనన్నా ఎర్తింగ్ లేదని తెలిస్తే, పని తనకు వచ్చినా రాకపోయినా చెప్పకుండా గడప దాటేవాడు కాదు. ఒకసారి వేరే మెకానిక్‌తో పని చేయించుకుంటున్న ఇంటికి పిలవకుండా పోయి చెప్పొచ్చాడు. వాళ్లు కాఫీ కూడా ఇవ్వలేదు. ఎందుకు సాబ్ ఇదంతా అంటే, "షాక్ కొడితే అది ఎవరి గిరాకీ అని చూస్తాదా?" అన్నాడు.

చెప్పులు విప్పే షాపు

ఇప్పుడు చంద్రమౌళి సంగతి. నేను శెట్టీ అని పిలిచేవాణ్ని, అతను నాకంటే ఆరేడేళ్లు చిన్న. వాళ్ల నాయనది ఎరువుల అంగడి. ఆ అంగడి సగం కొట్టేసి, అద్దాల తలుపు పెట్టి, ఏసీ బిగించి, ఒక పెద్ద కంపెనీ కంప్యూటర్ల డీలర్షిప్ తెచ్చుకున్నాడు. నా సందు మొదట్లోనే. నా షాపుకు రావాలంటే అతని అద్దాల ముందు నుంచే రావాలి.

అతనికి స్క్రూ ఎటు తిప్పితే బిగుస్తుందో తెలియదు. ఇది ఎగతాళి కాదు, నా కళ్లతో చూశాను. కానీ అతని షాపులోకి జనం చెప్పులు విప్పి పోయేవాళ్లు. ఎవరూ విప్పమనలేదు. ఆ చల్లదనం, ఆ నున్నటి నేల చూసి వాళ్లే విప్పేవాళ్లు. నా షాపులోకి బురద కాళ్లతో వచ్చి, నా బల్ల మీదే చెయ్యి ఆనించి, "మెకానిక్ లేడా?" అని నన్నే అడిగేవాళ్లు. అతను సారు, నేను మెకానిక్. రోజూ పొద్దున ఆ అద్దాల బయట ఎన్ని జతల చెప్పులున్నాయో చూడకుండా నా షాపు తాళం తీసేవాణ్ని కాదు. ఎక్కువుంటే ఆ రోజు అన్నం సహించేది కాదు.

కొత్త కంప్యూటరు అమ్మితే శెట్టి స్వయంగా ఆ ఇంటికి పోయి, మానిటరుకు బొట్టు పెట్టించి, కొబ్బరికాయ కొట్టించేవాడు. నాకు ఆ ఆలోచన ఎందుకు రాలేదని నెలల తరబడి కుమిలిపోయాను. తర్వాత నేనూ ఒక ఇంట్లో కొబ్బరికాయ కొట్టించాను, నీళ్లు కీబోర్డులో పడ్డాయి.

పైన పటారం లోన లొటారం అని అతని సరుకు గురించి కనపడినవాళ్లకల్లా చెప్పేవాణ్ని. నిజానికి లోపల ఏముందో నాకు తెలియదు. సీలు వేసి ఉండేది కదా.

కోయిలకుంట్ల శనగలు

నా తప్పులు రాయకుండా అతన్ని అంటే బాగుండదు. కోయిలకుంట్లలో ఒక శనగల వ్యాపారికి కంప్యూటరు బిగించి ఇచ్చాను. డబ్బా వెనక వాడని సందులకు చిన్న రేకులు బిగించాలి. నా దగ్గర రేకులు అయిపోయాయి, వచ్చేవారం తెచ్చి బిగిస్తానన్నాను. వచ్చేవారం పోలేదు. ఆ తర్వాతా పోలేదు.

నాలుగు నెలలకు మెషిన్ ఆగిపోయిందని కబురు. పోయి విప్పితే లోపల దోసెడు శనగలు, పేలికలు, మధ్యలో ఎలుక గూడు. ఫ్యాను తీగ కొరికేసింది. కంపెనీ డబ్బాకు ఆ సందులు మూసే వస్తాయి. అసెంబుల్డ్‌లో బిగించేవాడి బద్ధకం కూడా లోపల బిగుస్తుంది. ఈ మాట నేర్చుకునేవాళ్లు గుర్తుంచుకోవాలి.

ఆ కథ శెట్టి చెవిన పడింది. అతను నవ్వుతూ ఎవరితోనో, "మద్దిలేటన్న కంప్యూటర్లో శనగలు గూడా పండుతాయప్పా, డబల్ లాభం," అన్నాడట. ఊరంతా నవ్వింది. అందులో నిజంగా కుళ్లు లేదు, అతని తీరే అంత, ఎవరినైనా అట్లాగే ఆటపట్టిస్తాడు. నాకు మాత్రం అది గుండెలో ముల్లులా దిగింది. నీకూ ఒక రోజొస్తుందిలే శెట్టీ అనుకున్నాను.

గౌసియా రూము

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఆళ్లగడ్డ నుంచి గౌసియా అనే ఆమె కబురు చేసింది. బస్టాండుకు కొంచెం అవతల టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేది. టైపు నేర్చుకునేవాళ్లు తగ్గిపోయారు. మిషన్లన్నీ అమ్మేసి నాలుగు కంప్యూటర్లు పెట్టి కోర్సు మొదలుపెట్టాలని చూస్తోంది. ఇది నడవకపోతే ఇంక తలుపు మూసుకోవడమే. ఇల్లు గడిచేది దాని మీదే.

రూము చూద్దామని పోయాను. రూములో ఉక్కగా ఉందని కిటికీ దగ్గర ఇనప ఎయిర్ కూలరు తిరుగుతోంది. అలవాటుగా చేతి వెనకతో తాకాను. చీమలు పాకాయి. వెనకకు పోయి చూస్తే, ఎర్తింగ్ పేరుతో గోడ పక్కన రెండడుగుల ఇనప కడ్డీ ఒకటి పాతి ఉంది. ఆళ్లగడ్డది నల్లరేగడి. వానాకాలం ముద్దలా అతుక్కుంటుంది, ఎండాకాలం చెయ్యి పట్టేంత బీటలిస్తుంది. ఇంకా మాఘమే, అప్పటికే కడ్డీ ఊగుతున్న పన్నులా కదులుతోంది. ఎనిమిదడుగుల గుంత తవ్వి, పైపు దించి, బొగ్గూ ఉప్పూ పోసి కొత్తగా చెయ్యాలి. ఎట్లాగూ పని నాకే వస్తుంది, అప్పుడు చెబుదాం అనుకుని ఆ రోజు ఆమెకు చెప్పలేదు.

పని నాకు రాలేదు. పదిరోజుల తర్వాత గౌసియా నంద్యాల వచ్చి, శెట్టి షాపులో నాలుగు కంపెనీ మెషిన్లకు మాట ఇచ్చి, నాకు చెప్పిపోదామని నా షాపుకొచ్చింది. మంచి మనిషి, చెప్పకుండా పోవచ్చు.

"నీ మీద నమ్మకం లేక కాదన్నా. అమ్మానాయనలు వచ్చి మొదట అదే అడుగుతాండారు, కంపెనీవేనా అని. వాకిలి బోర్డు మీద కంపెనీ పేరు రాయల్ల. నీ పేరు రాస్తే ఎవురొస్తారు చెప్పు?"

నిజమే చెప్పింది. అందుకే అంత మండింది. సరే తల్లీ, మంచిది అన్నాను. కడ్డీ మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. ఆమె మెట్లు దిగి పోతూ శెట్టి షాపు ముందు ఆగి నమస్కారం పెట్టడం కూడా చూశాను.

టీ అంగడి దగ్గర

రెండు రోజుల తర్వాత టీ అంగడి దగ్గర శెట్టి తనే నా పక్కకొచ్చి కూర్చున్నాడు.

"మద్దిలేటన్నా, గౌసియమ్మ రూము నువ్వు చూసినావంట గదా. కరెంటు గిరెంటు ఎట్లుండాది? ఏమన్నా చేపియ్యల్లనా?"

ఇంతకన్నా మర్యాదగా ఎవరూ అడగరు. గిరాకీని పోగొట్టుకున్నవాడి దగ్గరికి వచ్చి సలహా అడుగుతున్నాడు. నాకు మాత్రం ఆ మర్యాద కనపడలేదు. ఇస్త్రీ చొక్కా, చేతికున్న గడియారం కనపడ్డాయి. శనగలు గుర్తొచ్చాయి.

"చూసినాలే శెట్టీ. ఏం లేదు," అన్నాను.

"బాగుండాదా?"

"బాగుండాది. అయినా నీవి కంపెనీవి గదప్పా, వాటికేమైతాది?"

అతను నవ్వి, నా టీ డబ్బులు కూడా తనే ఇచ్చి పోయాడు. ఖాదర్ సాబ్ ఉండి ఉంటే అక్కడే చెప్పుతో కొట్టేవాడు.

తొలి ఉరుము

ఎండలు ముదిరేకొద్దీ ఆళ్లగడ్డ నుంచి వార్తలు రావడం మొదలైంది. అక్కడినుంచి నా షాపుకొచ్చే గిరాకీలు చెప్పేవాళ్లు. గౌసియా దగ్గర కంప్యూటర్లు "కొడతాండాయంట" అని. డబ్బా తాకితే చురుక్కుమంటోందని ఆడపిల్లలు భయపడి చెక్క పీట మీద కాళ్లు పెట్టుకుని కూర్చుంటున్నారట. ఇద్దరు మానేశారట. నేను అయ్యో అనేవాణ్ని. లోపల మాత్రం చల్లగా ఉండేది.

వైశాఖంలో ఒక మధ్యాహ్నం గాలివాన వచ్చి పిడుగులు పడ్డాయి. ఒక్క పిడుగుతో నాలుగింటిలో మూడు మెషిన్లు పోయాయి. అంత కరెంటు ఒక్కసారి వచ్చినప్పుడు దాన్ని భూమిలోకి పంపే దారి ఉండాలి, ఆ రూములో దారి లేదు. కర్నూలు నుంచి కంపెనీ ఇంజనీరు వచ్చి, మీటరు పెట్టి, ఎర్తింగ్ లేని చోట వారంటీ చెల్లదని కాగితం రాసిచ్చి పోయాడు. పిల్లల పరీక్షకు ఇంకా మూడు వారాలే ఉంది. మెషిన్లు లేకపోతే ఆ బ్యాచ్ పరీక్ష రాయలేదు, ఆ బ్యాచ్ పోతే ఇంకో బ్యాచ్ చేరదు.

వార్త విన్న పొద్దున నేను బొరుగుల ఉగ్గాని, బజ్జీ ఇంకో ప్లేటు చెప్పించుకుని తిన్నాను. సిగ్గులేకుండా రాస్తున్నాను, అంత రుచిగా ఎప్పుడూ అనిపించలేదు. తిని వచ్చి, శెట్టి అద్దాల బయట ఒక్క జత చెప్పులు కూడా లేకపోవడం చూసి, హాయిగా తాళం తీశాను.

సీలు విప్పిన రోజు

ఆ మధ్యాహ్నమే గౌసియా ఫోన్ చేసింది. వచ్చి చూడమంది. గెలిచినవాడిలా బస్సెక్కాను. దారంతా ఏం మాట్లాడాలో అనుకుంటూ పోయాను. స్టిక్కరుకు షాక్ తగలదా తల్లీ, అని మొదలుపెడదామనుకున్నాను.

ఆమె ముఖం చూసి ఆ మాట రాలేదు. నాలుగు మానిటర్ల మీదా శెట్టి పెట్టించిన బొట్టు ఇంకా చెరగలేదు. నేను సీలు కత్తిరించి మొదటి డబ్బా విప్పాను. లోపలున్నది నేను వాడే బోర్డే. అదే కంపెనీది, అదే రకం. బిగింపు మాత్రం నాకన్నా శుభ్రంగా ఉంది, వెనక రేకులన్నీ ఉన్నాయి.

"అసలు ఇట్ల ఎందుకైందన్నా? మొదటే కంపెనీ మనిషి వచ్చి మీటరు పెడ్తానన్యాడు. శెట్టే వద్దన్యాడు," అంది గౌసియా.

"ఎందుకు వద్దన్యాడు?"

"మద్దిలేటన్న రూము చూసి బాగుండాదన్యాడు, ఆయన చూసినంక మీటరుతో పనేముంది అన్యాడు. నేనూ సరే అంటిని."

తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాను. రోజూ చెప్పుల జతలు లెక్కపెట్టుకుంటూ నేను ఏ మర్యాద కోసం ఏడ్చానో, అది ఆ శెట్టి నాకు ఎప్పుడో ఇచ్చేశాడు. కంపెనీ మీటరు కంటే నా చెయ్యి పెద్దదన్నాడు. నేను దాంతో ఆమె బతుకును కాల్చాను.

మరుసటి రోజే గుంత తవ్వించాను. నల్లమట్టి గడ్డపారకు ముక్కలు ముక్కలుగా లేచింది. మధ్యలో శెట్టి వచ్చాడు. ఆటోలోంచి బొగ్గు మూట దించి భుజాన వేసుకుని గుంత దగ్గరికి మోసుకొచ్చాడు. ఆ తెల్ల చొక్కా నల్లగా అయింది.

"నువ్వేం మనసులో పెట్టుకోగాకన్నా," అన్నాడు నాతో. "నువ్వు చూసినప్పుడు మాఘం గదా, మట్టి తడిగానే ఉండింటాది. ఎండాకాలం వచ్చి చెడిపోయింటాది. నీ తప్పేముండాది?"

నా తరఫున సాకు కూడా అతనే వెతికి తెచ్చాడు. ఊ అన్నాను. అది నా రెండో అబద్ధం. మొదటిదానికి కనీసం కోపం ఉంది, దీనికి అదీ లేదు.

పైపు దించి, బొగ్గూ ఉప్పూ నింపి, నీళ్లు పోశాం. నా షాపులో ఉన్న బోర్డులు మూడూ తెచ్చి బిగించాను, ధర మాట ఎత్తలేదు. చేతి వెనకతో డబ్బాలను తాకాను. చీమలు లేవు. పిల్లలు పరీక్ష రాశారు.

డబ్బులు తీసుకోలేదని గౌసియా నన్ను దేవుడిలా చూడడం మొదలుపెట్టింది. అది భరించలేక ఒకరోజు ఉన్నదంతా చెప్పేశాను. ఊగే కడ్డీని చూడడం, టీ అంగడి, ఉగ్గాని ప్లేటు, ఏదీ దాచలేదు. మట్టి ఆరిపోకుండా ఆమె ఎర్తింగ్ గుంతలో బిందెతో నీళ్లు పోస్తోంది. పోయడం ఆపలేదు. బిందె ఖాళీ అయ్యాక నేల మీద పెట్టి అంది:

"నాకు చెప్తివి. శెట్టికి ఎప్పుడు చెప్తావ్?"

మిగిలిన పని

ఆ ఇన్‌స్టిట్యూట్ చాలా ఏళ్లు నడిచింది. ఒక్కో భాగమే పాడవుతూ వచ్చి, చివరికి ఆ మెషిన్లలో కంపెనీది డబ్బా, స్టిక్కరు తప్ప ఏమీ మిగల్లేదు. లోపలంతా నాదే. వాకిలి బోర్డు మీద మాత్రం కంపెనీ పేరే. ఒకసారి ఊడిపోతున్న స్టిక్కరును పీకబోతే గౌసియా నా చెయ్యి పట్టుకుని, జిగురు తెచ్చి మళ్లీ అంటించింది. ఆ వయసులో, అంత జరిగాక కూడా, నాకు కుళ్లు పుట్టింది. అది పోయే జబ్బు కాదు.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగేది ఇంతే. మీకు రాని పని పక్కవాడికి పోతుంది, కడుపు మండుతుంది, మండనివ్వండి. అతని సరుకును తిట్టండి, అతని అద్దాలను తిట్టండి. కానీ భూమి ఏం చెప్పిందో అది మాత్రం దాచకండి. అది మీ గిరాకీదీ కాదు, అతని గిరాకీదీ కాదు.

చంద్రమౌళి కూడా షాపు మూసేశాడు. ఇప్పుడు ఇద్దరం పొద్దున్నే కలిసి నడుస్తాం. ఎవరైనా కంప్యూటరు మాట ఎత్తితే ఇప్పటికీ నన్ను చూపించి, "మద్దిలేటన్న చెయ్యి పెట్టి బాగుండాదంటే మీటరుతో పని లేదప్పా," అంటాడు. విన్న ప్రతిసారీ వేళ్ల వెనక చీమలు పాకుతాయి. అట్లా నమ్మడం అతనికి ఎట్లా వచ్చిందో, నాకెందుకు రాలేదో అని ఈర్ష్య పడతాను. అతని షాపు, అతని గడియారం మీద పడ్డ ఈర్ష్యకన్నా ఇది పెద్దది.

నేను రాసింది ఏదైనా మొదట చదివేది అతనే. రేపు పొద్దున ఇదీ అతని చేతికిస్తాను. నడకకు ముందే ఇస్తాను. ఆ తర్వాత నాతో నడుస్తాడో లేదో అతనిష్టం.

శెట్టీ, ఆ రోజు మాఘమే. అయినా ఆ కడ్డీ ఊగుతాండ్య. నేను చూసినా.